వెనకపెట్టె మావయ్య

గార్డు మావయ్య పోయారన్న కబురు విజయనగరం పాసింజరులో వచ్చింది. ఆ రోజు అది బాగా లేటు. బతికి ఉంటే ఆయనకి ఈ ఒక్క విషయమే నచ్చేది కాదు.

కబురు మోసుకొచ్చిన టికెట్ కలెక్టరు మా వైపువాడే. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టీ పెట్టకముందే, "ఒరే, మీ గార్డు మావయ్య ఎల్లిపోనారురా," అన్నాడు. నేను పార్సిల్ ఆఫీసు గుమ్మంలో నిలబడి చేపల బుట్టలకి చీటీలు అంటిస్తున్నాను. ఇలాంటి కబురు వింటే మనిషి గుండె మీద చెయ్యి వేసుకుంటాడని కథల్లో చదివాను. నా చేతికి జిగురుంది. వేసుకుంటే చొక్కా పాడయ్యేది.

"ఎప్పుడు?" అన్నాను.

"మొన్న పొద్దున్న. నిద్దట్లోనే. ఒంట్లో ఎలాగుందో ఎవుళికీ సెప్పనేదంట."

అది మాత్రం వెంటనే నమ్మాను.

రక్తసంబంధం ఏమీ లేదు. రాయపూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళ మేనమామలంతా సొంత ఊళ్ళలో ఉండిపోతారు. ఇక్కడ పక్క క్వార్టరులో ఎవరుంటే వాళ్ళే మావయ్య. బజార్లో హిందీలో బేరమాడి, ఇంటికొచ్చి ఆ బేరాన్ని తెలుగులో తిట్టుకునే జనం మేము. గార్డు మావయ్య వాళ్ళది బొబ్బిలి వైపు, మాది పార్వతీపురం. ఇక్కడికి వచ్చాక ఆ రెండూ ఒకే వీధి అయిపోయాయి.

మనిషి పొడుగు. తెల్లకోటు, ఇత్తడి గుండీలు, చంకలో చుట్టిపెట్టిన జెండాలు, పచ్చదీ ఎర్రదీ. డ్యూటీ లేని రోజున లుంగీ మీద కూరలకి వెళ్ళినా ఎడమ చంక బిగించుకునే నడిచేవారు, జెండాలు జారిపోతాయన్నట్టు.

ఆయనతో బజారుకి వెళ్తే మెడ నొప్పి ఖాయం. ఎప్పుడూ మన వెనకే నడిచేవారు. మాట్లాడాలంటే మనం తిరగాలి. తిరిగితే ఆయన ఆగిపోయేవారు. ఆగితే మనమూ ఆగాలి. ఆ లెక్కన కూరలు తెచ్చేసరికి అవి వాడిపోయేవి. పెళ్ళి భోజనాల్లో ఆఖరి బంతి, ఆ బంతిలో ఆఖరి విస్తరి. గుళ్ళో హారతి ఆయన దాకా వచ్చేసరికి కర్పూరం అయిపోయి పళ్ళెం మాత్రం వేడిగా ఉండేది.

"ముందుకి రండి మావయ్యా, ఎవరైనా చూస్తే అలిగారనుకుంటారు," అంటే, "నాది వెనకపెట్టెరా అబ్బాయ్. వెనకపెట్టె వస్తేనే బండి వచ్చినట్టు," అనేవారు.

ఇది వేదాంతం అనుకుని నేను కొన్నాళ్ళు ఆయన్ని గౌరవించాను. తర్వాత మా నాన్న చెప్పాడు, అది రైల్వే రూలని. ఇంజను కనిపించగానే బండి వచ్చేసిందని స్టేషనువాళ్ళు ఒప్పుకోరు. ఆఖరి పెట్టె వెనక దీపం కళ్ళతో చూశాకే ఒప్పుకుంటారు. మధ్యలో గొలుసు తెగి సగం బండి అడవిలో ఉండిపోవచ్చు కదా.

ఆయన సగం బండి ఇంట్లో ఉండేది. అత్తయ్య.

అత్తయ్యకి పెళ్ళయిన కొత్తలో జ్వరం వచ్చి కీళ్ళు పట్టేశాయట. జ్వరం పోయింది గానీ కీళ్ళు వదల్లేదు. నేను ఎరిగేటప్పటికి మోకాళ్ళు మడత పడిపోయి ఉండేవి, వేళ్ళు అల్లం కొమ్ముల్లా అటొకటీ ఇటొకటీ తిరిగిపోయాయి. ప్రతి చలికాలం ఆయాసం. మావయ్య వడ్రంగి చేత చిన్న చక్రాలు పెట్టించిన కుర్చీలో, వరండాలో కూర్చుని కాలనీ మొత్తాన్ని అక్కణ్ణించే నడిపించేది. కాళ్ళు చెయ్యాల్సిన పని కూడా నోరే చేసేది.

నేను కనబడితే చాలు, "రా నాయనా, కూర్చో. నిలబడితే నాకు కుళ్ళు," అనేది.

పిల్లలు లేరు. ఆయన డ్యూటీకి వెళ్తే మా అమ్మ వెళ్ళి స్నానం చేయించేది. ఆయన ఇంట్లో ఉంటే తల దువ్వడంతో సహా అన్నీ ఆయనే. జడ మాత్రం వచ్చేది కాదు. జెండా చుట్టినట్టు చుట్టి, కొసన దారం కట్టేసేవారు. "నన్ను చంకలో పెట్టుకుని డ్యూటీకి పోతారేమో చూడు," అనేది అత్తయ్య.

ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం మా వీధికి ఒక ఉత్సవం. రిక్షాలో ఆవిణ్ణి కూర్చోబెట్టి, పక్కన పట్టుకోవడానికి నన్ను ఎక్కించి, ఆయన సైకిలు మీద వెనక వచ్చేవారు. బయల్దేరే ముందు రిక్షా చుట్టూ ఒకసారి తిరిగి, చీరకొంగు చక్రంలో పడిందేమో, దిండు జారిందేమో చూసి, వెనక్కి వెళ్ళి సైకిలెక్కి చెయ్యి ఎత్తాలి. అప్పుడే బండి కదలాలి. ఆ ఛత్తీస్‌గఢీ రిక్షావాడికి పాపం ఈ రూల్సు ఎవరు నేర్పుతారు? "దాయీ బైఠ్ గే, చలౌఁ బాబూ?" (అమ్మ కూర్చుంది, పోనా బాబూ?) అని ఒకసారి చెయ్యి ఎత్తకుండానే తొక్కేశాడు. ఆయన వీధి చివరిదాకా తరిమి, ఆపి, మళ్ళీ మా గుమ్మం దాకా వెనక్కి తెప్పించి, అప్పుడు చెయ్యి ఎత్తారు.

"ఏటండీ ఈ చాదస్తం?" అంది అత్తయ్య.

"నేను చూడకుండా నువ్వు కదలకూడదు."

"కదిలేదాన్నయితే డాక్టరెందుకు?" అంది ఆవిడ. రిక్షావాడికి తెలుగు రాకపోయినా వాడూ నవ్వాడు.

తీసుకెళ్ళని చోటు లేదు. కాలనీ డిస్పెన్సరీ ఉండనే ఉంది. అక్కడ ఒక ఎర్ర మిక్స్చరు ఇచ్చేవారు. కాలు విరిగినా అదే, జలుబు చేసినా అదే, అత్తయ్యకీ అదే. తర్వాత ఒక బెంగాలీ హోమియోపతీ. తర్వాత బలౌదా బజార్ రోడ్డు మీద మోవాలో ఒక వైద్యుడు. ఆయన ఇచ్చిన తైలం వాసనకి అత్తయ్య వరండా ముందునించి కుక్కలు కూడా రోడ్డుకి అవతలి పక్కగా నడిచేవి. డ్యూటీ మీద గోందియా వెళ్ళినా, కటక్ వైపు ఎవరైనా వెళ్తున్నా, "అక్కడ కీళ్ళకి మంచి డాక్టరున్నాడా?" అని అడగకుండా వదిలేవారు కాదు. ఒంటి మీద కోటుకి మాసిక వేయించుకున్నారు గానీ మందు ఒక్క పూట ఆపలేదు. ఆవిడకి సరైన వైద్యం దొరకాలి. ఆ మనిషికి లోకంలో వేరే కోరిక ఉన్నట్టు నేను చూడలేదు.

చిక్కంతా డాక్టరు ఎదురుగా నిలబడ్డాక వచ్చేది.

డాక్టరనేవాడు ఆఫీసరు. ఆఫీసరు ఎదుట రైల్వే మనిషి అటెన్షన్‌లో నిలబడతాడు. "ఎలా ఉంది?" అని ఆయన అడుగుతాడు. మావయ్య ఛాతీ విరిచి, "ఆల్ రైట్ సార్!" అంటారు. ఆయన, "గుడ్, అదే మందు వాడండి," అంటాడు. అయిపోయింది. రిక్షా వెనక్కి తిరుగుతుంది.

"ఇంట్లో నేను లేటు బండిని నాయనా. డాక్టరు గుమ్మం ఎక్కితే చాలు, ఈయన నన్ను రైట్ టైముకి నడిపించేస్తారు," అనేది అత్తయ్య.

అబద్ధమాడే మనిషి కాదు. ఆయన భయం వేరు. ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు ఒక గూడ్సు బండి కింద ఎద్దు పడిందట. ఎవరూ చూడలేదు. ఈయన ఉన్నదున్నట్టు రిపోర్టు చేశారు. అంతే. ఎక్కడ పడింది, ఎందుకు పడింది, నువ్వేం చేస్తున్నావు అని సంజాయిషీ మీద సంజాయిషీ. ఆ ఎద్దు మళ్ళీ పుట్టి దుక్కికి వచ్చి ఉంటుంది గానీ ఈయనకి మాత్రం సంజాయిషీలు ఆగలేదు. ఏదైనా బాగాలేదని చెప్పినవాడే దానికి జవాబుదారీ అన్న పాఠం ఒంటికి పట్టేసింది, అత్తయ్యకి కీళ్ళు పట్టేసినట్టు. రెండిటికీ ఎర్ర మిక్స్చరు పని చెయ్యలేదు.

ఇంతలో రైల్వే పెద్ద డాక్టరు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన చూసి సంతకం పెడితే అత్తయ్యని నాగపూర్ పెద్దాసుపత్రికి పంపిస్తారు. డిస్పెన్సరీ చూసి, మంచం పట్టిన కేసుల ఇళ్ళకి కూడా వస్తాడట. మావయ్య రెండు చేతులూ ఎత్తి ఆకాశానికి దండం పెట్టారు. పెట్టి, సున్నం కొనడానికి వెళ్ళారు.

అవును, సున్నం. ఇన్‌స్పెక్షన్ అంటే మా జాతికి తెలిసింది అదొక్కటే. పెద్ద ఆఫీసరు వస్తే స్టేషన్లో రాళ్ళకి కూడా సున్నం కొడతారు. మావయ్య ఇల్లంతా వెల్ల వేశారు. ముందు రోజు తైలం సీసాలూ, ఉమ్మితొట్టీ, వేడినీళ్ళ సంచీ అన్నీ మా ఇంట్లో దాచారు. పొద్దున్నే అత్తయ్యకి తలంటి, పెళ్ళినాటి పట్టుచీర మా అమ్మ చేత కట్టించారు. వేళ్ళు కనబడకుండా ఒళ్ళో పూలసజ్జ పెట్టారు. పాదాల మీదికి కుచ్చిళ్ళు లాగారు. డాక్టరు వచ్చే ముందు రెండు గ్లాసుల వేడి కాఫీ పట్టించారు, మొహం కళగా ఉంటుందని.

మేమంతా వరండా కింద నిలబడ్డాం. పెద్ద డాక్టరు వచ్చాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. వాసన చూశాడు: కొత్త సున్నం, మల్లెపూలు. ఇల్లు చూశాడు. అత్తయ్యని చూశాడు.

"ఎవ్రీథింగ్ ఆల్ రైట్?"

"ఆల్ రైట్ సార్!"

అత్తయ్య ఏదో అనబోయింది. ఇంగ్లీషు రాదు, కాఫీ పొలమారింది. దగ్గు ఆగేసరికి డాక్టరు మెట్లు దిగుతున్నాడు. "వెరీ నీట్ క్వార్టర్," అని వెనక ఉన్నవాళ్ళతో అన్నాడు.

కాలనీ మొత్తంలో మెచ్చుకోలు దక్కిన ఇల్లు అదొక్కటే. మావయ్య చాలాసేపు గుమ్మంలో అటెన్షన్‌లోనే ఉండిపోయారు. అత్తయ్య పట్టుచీర కొంగుతో మూతి తుడుచుకుని నావైపు చూసి, "గోడలకి నయమైపోయింది నాయనా," అంది.

నేను నవ్వాను. మా అమ్మ నన్ను అక్కడే ఒకటి వేసింది.

ఆ చలికాలం అత్తయ్య పాదాలు వాచాయి. పడుకుంటే ఊపిరి అందేది కాదు. కుర్చీలోనే దిండ్లు పెట్టుకుని కూర్చునేది. హాస్యాలు తగ్గాయి. ఒక వాక్యం మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటే హాస్యం ఏం పండుతుంది? పెద్ద డాక్టరు తిరిగే సెలూన్ పెట్టె మళ్ళీ వచ్చి స్టేషన్లో పక్కపట్టాల సైడింగ్ మీద నిలబడిందని తెలిసినప్పుడు, ఆవిడే ఆయన్ని పిలిచి చెప్పింది.

"ఈసారి సున్నం వద్దు. పట్టుచీర వద్దు. మీరసలు మాట్లాడకండి. మీ చంకలో ఉన్నాయి కదా... వాటిల్లో ఏది చూపించాలో అది చూపించండి. చాలు."

అది హాస్యమని నాకు తెలుసు. మావయ్యకి హాస్యం చెప్పినా ఆర్డరు ఇచ్చినా ఒకటే.

స్టేషను దాకా రిక్షా. అక్కణ్ణించి సైడింగ్ దాకా కంకరరాళ్ళు. ఆయన ఆవిణ్ణి రెండు చేతుల మీదా ఎత్తుకుని నడిచారు. అలా ఎత్తుకుంటే ఆవిడే ముందు, ఆయనే వెనక. రూలు తప్పలేదు. ఇంగ్లీషు కోసం నన్ను తీసుకెళ్ళారు. మెట్రిక్యులేషన్ రెండోసారికి గట్టెక్కినవాడి ఇంగ్లీషు.

డాక్టరు సెలూన్ గుమ్మంలోకి వచ్చాడు. మావయ్య ఆవిణ్ణి మెట్టు మీద కూర్చోబెట్టి, సర్దుకుని, అటెన్షన్‌లో నిలబడ్డారు.

"యెస్, గార్డ్? ఆల్ రైట్?"

ఆయన నోరు తెరిచారు. "ఆల్..." దాకా వచ్చింది. అలవాటు చెడ్డది కదా, మిగతా సగం కూడా గొంతులోకి వచ్చేసి ఉంటుంది. అప్పుడు చంకలోంచి ఎర్రజెండా లాగి, విప్పి, రెండు చేతులతో తన ఛాతీకి అడ్డంగా పట్టుకున్నారు.

సినిమాలో అయితే ఇక్కడ వయొలిన్లు మోగుతాయి. మాకు పక్క లైన్లో షంటింగ్ ఇంజను ఆవిరి వదిలింది. పైగా ఆ జెండాకి మధ్యలో ఒక చిరుగు. అత్తయ్య వేళ్ళు బాగున్న రోజుల్లో కుట్టింది. సన్నటి కుట్టు, వరసగా చీమలు పోతున్నట్టు.

"వాట్ ఈజ్ దిస్?"

"డేంజర్, సార్."

డాక్టరు కిందికి దిగాడు. ఆవిడ పాదం మీద వేలు పెట్టి నొక్కాడు. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. అంతసేపు ఆవిణ్ణి విన్న డాక్టరు అతనే మొదటివాడు. తర్వాత లేచి మావయ్యని అడిగాడు, "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

ఆయన ఉద్యోగమంతా భయపడిన ప్రశ్న అది. నేను దాన్ని తెలుగులో చెప్పాను. జవాబు అత్తయ్య చెప్పింది, ఊపిరి తీసుకుంటూ, ఆగుతూ.

"ఈయన్నేం అనకండి బాబూ. నేనే కదలని బండిని... ఈయన పాపం రోజూ జెండా ఊపుతూనే ఉన్నారు."

దీన్ని నేను ఇంగ్లీషులోకి మార్చాలి. "షి ఈజ్ వెరీ ఇల్, సర్," అన్నాను. అంతకన్నా నాకు రాలేదు. వచ్చినవాళ్ళకి కూడా వచ్చేది కాదనుకుంటాను.

నాగపూర్ వెళ్ళాం. ప్రయాణికుడిగా ఎలా కూర్చోవాలో తెలీక మావయ్య దారి పొడుగునా కిటికీలోంచి మెడ బయటపెట్టి, పెట్టెలన్నీ వస్తున్నాయో లేదో చూస్తూనే ఉన్నారు. ఆసుపత్రిలో మరాఠీ డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో వచ్చిన ఆ జ్వరం కీళ్ళతో ఆగలేదట, గుండెని కూడా పట్టిందట. మందులిస్తాను, ఉప్పు మానెయ్యాలి, ఇంకా ముందు తీసుకొచ్చి ఉంటే బాగుండేది అన్నాడు.

నేను అది తెలుగులో చెప్పాను. మావయ్య, "ఎంత లేటో కనుక్కోరా," అన్నారు.

"అలా అడగరు మావయ్యా."

"అడుగు. లేటైన బండిని దారిలో సరిచేసుకుంటూ తీసుకెళ్తాం కదా. ఎంత లేటో తెలిస్తే నేను సరిచేస్తాను."

అడిగాను. ఆ డాక్టరుకి రైళ్ళ సంగతి తెలీదు. అయినా ప్రశ్న అర్థమైంది. మావయ్య భుజం మీద చెయ్యి వేసి, "థోడా," అన్నాడు. కొంచెం సరిచేసుకోవచ్చు అనా, కొంచెమే లేటు అనా, ఏదో తేల్చలేదు. మావయ్య మొదటిది తీసుకున్నారు.

ఆ మందులతో అత్తయ్య కొన్నాళ్ళు బాగుంది. పడుకుని నిద్రపోయింది. ఉప్పులేని పప్పు మీద హాస్యాలు కూడా వచ్చాయి: "ఈయనకి పప్పులో ఉప్పు పోయింది, ఇక నా మాటల్లో ఉన్నదే గతి." మావయ్య మాత్రం పూర్తిగా మారిపోయారు. ఇన్నేళ్ళ బకాయి తీర్చుకుంటున్నట్టు, అడిగినవాడికీ అడగనివాడికీ ఉన్నదంతా చెప్పేవారు. స్టేషన్ మాస్టరు మర్యాదకి, "ఏం గార్డుగారూ, బాగున్నారా?" అంటే, "బాగాలేదు సార్. పాదాల వాపు కుడివైపు ఎక్కువగా ఉంది," అని మొదలుపెట్టేవారు. కూరలమ్మే ఆవిడకి అత్తయ్య నాడి ఎలా కొట్టుకుంటోందో తెలుసు. డిస్పెన్సరీలో ఆయన్ని చూసి కాంపౌండరు వెనక గుమ్మంలోంచి పోయేవాడు. సరైన వైద్యానికి అవసరమైన మాటలన్నీ ఆయన దగ్గర ఇప్పుడు సిద్ధంగా ఉన్నాయి. వినాల్సిన డాక్టర్ల చెవులు మాత్రం వెనకే ఉండిపోయాయి.

తర్వాతి చలికాలం అత్తయ్యని దాటనివ్వలేదు. ఒక మధ్యాహ్నం మా అమ్మ తల దువ్వుతుండగా కుర్చీలోనే పోయింది. ఆయన లైన్ మీద ఉన్నారు. బండి దిగి వస్తూ, వీధి మొదట్లోనే మమ్మల్ని అందర్నీ చూసి ఆగిపోయారు.

పిల్లలు లేరు గనక నిప్పుకుండ ఆయనే పట్టాలి. నిప్పుకుండ పట్టినవాడు పాడె ముందు నడవాలి. నాకు తెలిసి ఆయన ఎవరికైనా ముందు నడిచింది అదే. కాళ్ళకి రాలేదు. ప్రతి నాలుగడుగులకీ మెడ వెనక్కి తిరిగేది.

"వెనక్కి చూడకూడదు బాబూ," అన్నారు పంతులుగారు.

ముందుకి తిప్పుకున్నారు. నాలుగడుగులు. మళ్ళీ తిరిగింది.

దారిలో ఫాటక్, అంటే రైలు గేటు, వేసి ఉంది. పాడె ఆగింది. గూడ్సు బండి ఒక్కొక్క పెట్టే దాటుతోంది. మావయ్య కుండ పట్టుకుని గేటు ముందు నిలబడి పెట్టెల్ని చూస్తున్నారు. ఆఖరి పెట్టె వచ్చింది. అందులో గార్డు పచ్చజెండా చాచి పట్టుకుని దాటిపోయాడు. ఆడవాళ్ళు అది చూసి గొల్లుమన్నారు. ఆ గార్డుకి విషయం తెలీదు. రూలు ప్రకారం గేటుమన్‌కి చూపించాడు, అంతే.

గేటు తెరిచారు. "కదలండి," అన్నారు పంతులుగారు. ఎవరూ కదల్లేదు. మోసేవాళ్ళందరూ రైల్వేవాళ్ళే: మా నాన్న, ఇద్దరు పాయింట్స్‌మన్‌లు, ఒక ఫిట్టరు. వాళ్ళు మావయ్యకేసి చూస్తూ నిలబడ్డారు. ఆయన పూర్తిగా వెనక్కి తిరిగారు. పాడె చుట్టూ ఒకసారి తిరిగొచ్చారు. కింద వేలాడుతున్న చీరకొంగు తీసి లోపలికి దోపారు.

"ఏవిటండీ ఇది, శాస్త్రం..." అన్నారు పంతులుగారు.

"నేను చూడకుండా ఆవిడ కదలదండీ," అన్నారు మావయ్య. చాలా మామూలుగా, టైము అడిగితే చెప్పినట్టు. ముందుకి వెళ్ళి, ఖాళీగా ఉన్న చెయ్యి ఎత్తారు. పాడె కదిలింది.

తర్వాత రిటైరై బొబ్బిలి వైపు వెళ్ళిపోయారు. ఇక్కడ క్వార్టరులో వేరేవాళ్ళు వచ్చారు. గోడలు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

టికెట్ కలెక్టరు టీ తాగి గ్లాసు పెట్టాడు. "నిప్పుకుండ ఎవరు పట్టారు?" అని అడిగాను.

"తమ్ముడి కొడుకు. బాగా సేసినాడు. ముందు నడిసినాడు, ఒక్కసారి ఎనక్కి సూడనేదు."

శాస్త్రం ప్రకారం అదే సరైనది. అయినా చూడ్డానికి ఏముంది? ఆయన వెనక ఇంకో పెట్టె లేదు.

పాసింజరు కదిలింది. పార్సిల్ ఆఫీసులో పని ఆపి ప్లాట్‌ఫారం చివరిదాకా వెళ్ళి నిలబడ్డాను, ఆఖరి పెట్టె దాటేదాకా. వెనకపెట్టె వస్తేనే బండి వచ్చినట్టు అనేవారు. ఆవిడ చేరిన ఇన్నాళ్ళకి, మొన్న పొద్దున్న, అది కూడా చేరింది. ఎందుకింత ఆలస్యమైందని అక్కడ ఆయన్ని ఎవరూ సంజాయిషీ అడగకుండా ఉంటే చాలు.